మూడో విజిల్

"మా మరదలండీ! శాక్సాఫోన్ వాయిస్తుంది. జాజ్ ఆల్బమ్ తెచ్చింది, మొదటిదే. పేపర్లో సగం పేజీ రాశారు" అని మా ఆయన పొద్దుట్నుంచి ఫోనులో నాలుగోసారి చెబుతున్నారు. నేను ఆయన చొక్కా కాలరు రుద్దుతున్నాను. ఇన్నాళ్లూ అది "మీ చెల్లెలు". ఇవాళ్టి నుంచి "మా మరదలు".

నిజం చెప్పేస్తాను, నాకు కుళ్లు. ఫోన్ చేసి "చాలా బాగుందే" అనేసి, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేంత కుళ్లు. అది వాయిస్తున్నది నా శాక్సాఫోన్. నేర్పింది నేను. పెళ్లయిన కొత్తలో వెంట తెచ్చుకుంటే, "ఆడది బుగ్గలు పూరించి బూర ఊదుతుంటే చూడ్డానికేం బావుంటుందమ్మా?" అన్నారు అత్తగారు. "వంటింట్లో తలుపేసుకుని వాయించుకో, నేనేమీ అనను" అన్నారు ఈయన, పెద్ద మనసు చేసుకుని. అలాగే వాయించాను, కుక్కర్ పక్కన నిలబడి. సెలవులకొచ్చిన చెల్లి వంటగట్టెక్కి కూర్చుని వినేది. పాప పుట్టాక శాక్సాఫోన్ దానికే ఇచ్చేశాను. ఎవరూ లాక్కోలేదు. అదే నా మంట.

"ఇది విను" అని ఈయన పేపరు పైకెత్తారు. "'నాలుగో పాటలో స్వరం పైకెళ్లబోతూ ఠక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దమే ఈ ఆల్బమ్‌కి ప్రాణం. అక్కడ ఆగే ధైర్యం ఎంతమందికుంటుంది?' అబ్బ, ఏం రాశాడు!"

బ్రష్షు చేతిలోంచి జారింది. అక్కడ ఆగేది నేను. ధైర్యమా, నా మొహమా! మూడో విజిల్ వచ్చేస్తుందేమో, స్టౌ కట్టాలేమో అని చెవి అటు పడేసేదాన్ని. చెల్లి నా తప్పుతో సహా నేర్చేసుకుంది.

తడిచేత్తోనే ఫోన్ చేశాను.

"అక్కా, పేపరు చూశావా? ఆ ఆగడం నీదే! అసలక్కడ ఎందుకు ఆగేదానివి?"

"కుక్కర్ అడుగంటుతుందని."

"కుక్కరా!" అంది.

"నా శాక్సాఫోన్ నాకిచ్చెయ్యవే" అన్నాను. "నువ్వింకోటి కొనుక్కో. కుళ్లనుకో, ఏమన్నా అనుకో."

"కుళ్లే" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. "ఆదివారం తెస్తాను."

వంటింట్లో కుక్కర్ కూసింది. రెండోది. మూడోది.

"ఏమోయ్, విజిల్!" పేపరు వెనక నుంచి ఈయన కేక.

"వినిపించిందండీ" అన్నాను, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "వెళ్లి కట్టెయ్యండి. ఆదివారం నుంచి రోజూ మీరే."