లోపలి గడియ

నేను ఒక ఇనుప గడియను. జానెడు పొడుగు, బొటనవేలంత లావు, పట్టుకోవడానికి కొసన చిన్న వంపు. ఇంతకు మించి నా రూపం గురించి చెప్పుకోవడానికేమీ లేదు. మనుషుల మాటలు మాత్రం చాలా విన్నాను. తలుపును అంటిపెట్టుకుని బతికేదాన్ని కదా, లోపలి మాటా వినబడుతుంది, బయటి మాటా వినబడుతుంది.

పెదకుదురులో సిద్ధాచారి అనే కమ్మరి, విరిగిన బండి ఇరుసును కొలిమిలో కాల్చి నన్ను తీశాడు. ఎలా కుదిరానో చూద్దామని ముందు తన గొడ్ల కొట్టం తలుపుకే బిగించి లోపల నుంచి వేసుకున్నాడు. అంతే, బిర్రుగా పట్టేసి మళ్ళీ కదల్లేదు నేను. అన్నానికి పిలవడానికొచ్చిన భార్య కిటికీలోంచి సుత్తి అందిస్తే గానీ అతను బయటపడలేదు. “ఊరందరికీ గడియలు చేసే మొగుడు గొడ్లతో పాటు ఖైదైపోయాడు” అని ఆవిడ నెల రోజులు చెప్పుకుని నవ్వింది. ఆచారి మాత్రం నవ్వకుండా నన్ను ఆకురాయితో రాచి, నున్నగా చేసి, ఏడో నెంబరు కాలవ గట్టు మీదున్న గదికి ఇచ్చేశాడు.

ఆ గదిలో షట్టర్లు ఎత్తడానికి తిప్పే ఇనుప పిడులు, లాంతర్లు, గండి పడితే వేయడానికి ఇసుక బస్తాలు ఉండేవి. నన్ను తలుపుకి బయటివైపు బిగించారు. లస్కరు ఏసోబు నన్ను చూసుకునేవాడు. లస్కరంటే కాలవ వెంట తిరుగుతూ తూములు ఎత్తి దించే మనిషి. కొత్తగా పనిలో చేరినప్పుడు అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. నెలకోసారి గుడ్డపేలికతో ఆముదం రాసి, రెండు వేళ్ళతో నన్ను ఇటూ అటూ జరిపి, “ఆ, ఇప్పుడు సరిగా ఉండావు” అనేవాడు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేకపోవడమే వాటి గొప్పతనం.

తర్వాత నీటి సంఘం వచ్చింది. కాలవ నీళ్ళ సంగతి ఇకనుంచి రైతులే చూసుకోవాలన్నారు. గదికి నీలం రంగు వేశారు. ఇసుక బస్తాలు పోయి కుర్చీలొచ్చాయి. నెలకో శనివారం సంఘం కూర్చునేది. మొదట్లో తలుపు బార్లా తీసి ఉండేది. రైతులు గుమ్మంలో, కిటికీల దగ్గర నిలబడి కేకలేసేవాళ్ళు, కండువాలు విదిలించేవాళ్ళు, కాసేపటికి కలిసి టీ తాగేవాళ్ళు. ఒకసారి మాటా మాటా పెరిగి ఎవరో ఎవరి చొక్కానో పట్టుకున్నారు. ఆ మర్నాడే అధ్యక్షుడు భూషయ్య వడ్రంగిని పిలిపించాడు.

“ఈ గడియ తీసి లోపలివైపు పెట్టు. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట కాస్త ప్రశాంతత ఉండొద్దా?”

అలా నేను లోపలికొచ్చాను. సరిగ్గా నా పైన, తలుపు చెక్క మీద, సంఘం నిబంధనల కాగితం అంటించి ఉంది. ఆరో నిబంధన ఇది: ‘కాలవ కింద భూమి ఉన్న ఎవరైనా సమావేశానికి వచ్చి కూర్చుని వినవచ్చు.’ తలుపు మూసి, నన్ను వేశాక, ఆ నిబంధన చదవగలిగేది లోపలున్న ఏడుగురే. వాళ్ళెవరూ అటు చూసేవాళ్ళు కాదు.

బయట ఉన్నప్పుడు నేను ఇనుప పిడులకూ లాంతర్లకూ కాపలా కాశాను. లోపల దేనికి కాపలా కాస్తున్నానో తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. వాళ్ళు గంటసేపు పెళ్ళి సంబంధాల గురించీ, ఎవరి గేదె ఎంత పాలిస్తుందన్న దాని గురించీ మాట్లాడుకునేవాళ్ళు. చివర్లో, టీ గ్లాసులు కింద పెట్టాక, రెండు నిమిషాల్లో నీళ్ళ సంగతి తేల్చేసేవాళ్ళు. ఆ రెండు నిమిషాలకే నేను.

వానలు ముఖం చాటేసిన ఏడాది పేరమ్మ వచ్చింది. ఆమెది ఉప్పరగుంట, కాలవ చిట్టచివరి శివారు ఊరు. అక్కడ కాలవ నీళ్ళు రాకపోతే మురుగు కాలవలో సముద్రపు ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది. తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరన్నర ఆమె పేరు మీదే ఉంది. మొగుడు కాంతారావు మంచివాడే గానీ పెద్దవాళ్ళ ముందు నోరు పెగలదు. అందుకని ఆమే నడిచి వచ్చింది.

“మీటింగు లోపల జరుగుతుందమ్మా. అయిపోయినాక చెప్తాంలే” అన్నాడు ఏసోబు గుమ్మంలో నిలబడి.

“ఇనడానికొచ్చానన్నా. మాట్లాడను.”

“అయ్యగారు ఎవుర్నీ రానీయొద్దన్నారు.”

ఆమె అరుగు మీద కూర్చుంది. ఏసోబు లోపలికొచ్చి నన్ను వేశాడు. ఆగస్టులో కూర్చుంది, సెప్టెంబరులో కూర్చుంది. సమావేశం అయ్యాక భూషయ్య బయటికొచ్చి, “అంతా మంచిగానే అనుకున్నాం, నువ్వు దిగులుపడమాకమ్మా” అనేవాడు. ఆమె “సరేనయ్యా” అని ఆరు కిలోమీటర్లు వెనక్కి నడిచేది.

అక్టోబరులో కూడా ఆమె అరుగు మీదే ఉంది. ఆ రోజు లోపల ఏం జరిగిందో నేను విన్నాను. పైన పన్నెండో తూము దగ్గర భూషయ్య బావమరిది చేపల చెరువులు ఎండుతున్నాయి. శివారు వంతు పది రోజులు ఆపి ఆ నీళ్ళు చెరువులకు తిప్పుదామన్నాడు భూషయ్య. నరహరి అనే సభ్యుడు ఒక్కడు, “శివారు చేలు పొట్ట మీదుండాయి గదన్నా” అని నసిగాడు. అతనికి టీలో చక్కెర సరిపోయిందా అని అడిగారు. అతను సరిపోయిందన్నాడు. తీర్మానాల పుస్తకంలో రాసిన వాక్యం భూషయ్య పైకి చదివాడు: ‘శివారు రైతులందరి సమ్మతితో.’ అందరూ సంతకాలు పెట్టారు. నాకూ అరుగు మీది పేరమ్మకూ మధ్య ఉన్నది రెండంగుళాల చెక్క.

నీళ్ళు ఆగిపోయాయి. వారం రోజులు చూసి, పేరమ్మ కాలవ గట్టు పట్టుకుని పైకి నడిచింది. పన్నెండో తూము దగ్గర షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. చెరువుల్లోకి నీళ్ళు చప్పుడు చేస్తూ దూకుతున్నాయి. అక్కడి నుంచి నేరుగా సంఘం గదికి వచ్చింది. మడమలు పగిలి మట్టి పట్టి ఉన్నాయి. ఏసోబు ఒక్కడే ఉన్నాడు, గది ఊడుస్తున్నాడు.

“నీళ్ళెందుకు తిప్పారన్నా?”

“తీర్మానం అయిందమ్మా.”

“ఎవురు ఒప్పుకున్నారు?”

ఏసోబు చీపురు గోడకి ఆనించాడు. “మీరేనమ్మా. శివారోళ్ళందరూ ఒప్పుకున్నట్టు పుస్తకంలో ఉంది.”

“నేనా? నేను ఈ అరుగు మీద కూర్చుని ఉండానే! నువ్వే గదా గడియ పెట్టింది?”

ఆమె గట్టిగా కూడా అనలేదు. ఏసోబు ముఖం మాత్రం చెంపదెబ్బ తిన్నవాడిలా అయిపోయింది. ఆమె వెళ్ళాక తలుపు దగ్గరికొచ్చి నా మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

చెరువుల వంతు ఇంకో వారం పొడిగించడానికి భూషయ్య బుధవారం నాడు అత్యవసర సమావేశం పెట్టాడు. ఈ సంగతి ఉప్పరగుంటకి ఎవరు చేరవేశారో ఎవరూ పైకి చెప్పలేదు. పదకొండు గంటలకి పేరమ్మ, ఆమె వెనక మరో పదకొండు మంది గట్టెక్కి వస్తుంటే కిటికీలోంచి చూసిన భూషయ్య, “ఏసోబూ, గడియ పెట్టు” అన్నాడు.

ఏసోబు వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు. నా వంపు పట్టుకున్నాడు. తర్వాత వేళ్ళు వదిలేసి, వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

తలుపు తోసుకుని వాళ్ళొచ్చారు.

“గడియ పెట్టలా?” అన్నాడు భూషయ్య.

“పెట్టలేదండి” అన్నాడు ఏసోబు.

పేరమ్మ కేకలు వేయలేదు. వెనక్కి తిరిగి, తలుపు మీది కాగితంలో ఆరో నిబంధన వేలు పెట్టి చదివింది. ఐదో తరగతి చదువు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. తర్వాత బల్ల దగ్గరికెళ్ళి పుస్తకం తనవైపు తిప్పుకుంది. ఎవరూ ఆపలేదు. ‘శివారు... రైతులందరి... సమ్మతితో’ అని చదివి తలెత్తింది.

“అందరూ అంటే ఎవురెవురయ్యా? పేర్లు చెప్పండి. మా ఊరోళ్ళు ఇదుగో ఇక్కడే ఉండారు, ఒప్పుకున్నోళ్ళని చెయ్యెత్తమందాం.”

నరహరి బల్ల మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు. భూషయ్య గొంతు సవరించుకుని, “రాతలో పొరపాటు జరిగుంటుంది, దానికింత రాద్ధాంతం దేనికమ్మా” అన్నాడు. ఆ మధ్యాహ్నమే పన్నెండో తూము దించారు.

నీళ్ళు చివరికంటా చేరడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికే పేరమ్మ చేలో సగం తాలుపోయింది. వరి కోసినప్పుడు గింజ పట్టని తాలు వెన్నులు చేతిలో పట్టుకొచ్చి ఏసోబుకు చూపించాలని వచ్చింది గానీ, అతను లేడు. “వయసు మళ్ళింది, విశ్రాంతి తీసుకోమన్నాం” అన్నారు సంఘంలో. ముప్పై ఏళ్ళు కాలవ వెంట నడిచిన మనిషి ఏటి ఒడ్డున పీతల వలలు అల్లుకుంటున్నాడని ఆమెకి తర్వాత తెలిసింది. వెళ్ళి అతని ముందు కూర్చుని ఏడ్చిందట. “గడియ పెట్టింది నువ్వే గదా అని నేననకపోతే నీ పని నీకుండేది” అందట. “నువ్వు అనబట్టేగా నాకు నిద్రపడుతుంది” అన్నాడట అతను. ఆమెకి మాత్రం ఊరట కలగలేదు. ఏసోబును మళ్ళీ తీసుకోవాలని ప్రతి సమావేశంలోనూ అడిగేది. “తర్వాత చూద్దాం” అనేవాళ్ళు.

అవును, ప్రతి సమావేశానికీ వెళ్ళేది. తలుపు ఇప్పుడు తీసే ఉంటోంది. నన్నెవరూ ముట్టుకోవడం లేదు, ఆముదం రాసేవాళ్ళూ లేరు. పేరమ్మకి కుర్చీ కూడా వేస్తున్నారు. మొదట నేనూ సంతోషించాను. మెల్లగా అర్థమైంది: సమావేశాలు పది నిమిషాల్లో అయిపోతున్నాయి. కాగితం ముందే రాసి తెస్తున్నారు, భూషయ్య చదువుతున్నాడు, “ఏకగ్రీవం” అంటున్నాడు, టీ తాగి లేస్తున్నారు. వాదన లేదు, పెళ్ళి సంబంధాల ఊసు కూడా లేదు. ఏడుగురు మగాళ్ళు గేదెల గురించి మాట్లాడుకోకుండా లేచిపోతున్నారంటే, అది వాళ్ళు మాట్లాడుకునే చోటు కాదన్నమాట.

పై ఏడు జూన్‌లో కొత్త వంతుల కాగితం చదివారు. ఉప్పరగుంట మళ్ళీ చివరే, వారానికి ఒకటిన్నర రోజు. పేరమ్మ లేచింది.

“ఇది ఎక్కడ మాట్లాడుకున్నారయ్యా? పోయిన నెల నేనిక్కడే ఉండా, ఈ ఊసే రాలా.”

భూషయ్య నవ్వాడు. “శుక్రవారం సాయంత్రం నలుగురూ మా మేడ మీదికొస్తారు, కాఫీ తాగుతారు. ఇంటికొచ్చినోళ్ళతో మాట్లాడుకోవడం కూడా తప్పేనా? పోనీ మా ఇంటికి కూడా నోటీసు అంటించమంటావా?”

అందరూ నవ్వారు.

“అంటించండి. వచ్చి కింద కూర్చుంటాం” అంది పేరమ్మ.

వంతుల మీద ఆమె పట్టు విడవకపోవడంతో, తీర్మానం వచ్చే శనివారానికి వాయిదా వేశారు. దానికి ముందు రోజు, శుక్రవారం, ఏం జరిగిందో నేను చూడలేదు. మర్నాడు పొద్దున ఉప్పరగుంట ఆడవాళ్ళు అరుగు మీద చెప్పుకుంటుంటే విన్నాను. సాయంత్రం ఎండ తగ్గకముందే పేరమ్మతో కలిపి తొమ్మిది మంది భూషయ్య ఇంటికి వెళ్ళారట. మేడ మెట్ల దగ్గర తలుపు లోపల గడియ పెట్టి ఉందట. తడితే కోడలు పిల్ల కిటికీలోంచి తొంగిచూసి, “మామయ్యగారు ఊళ్ళో లేరండీ” అందట. మెట్ల కింద ఆరు జతల మగ చెప్పులున్నాయి. పేరమ్మ వాటివంక చూపించి, “పరవాలేదమ్మా, వచ్చిందాకా ఉంటాం” అని కూర్చుందట. ఆ పిల్ల తలదించుకుని కిటికీ మూసుకుంది. వీళ్ళు దీపాల వేళ దాకా కూర్చున్నారు. పైన మాటలు ఆగిపోయాయి. ఎంతకీ ఎవరూ దిగి రాలేదు. చివరికి పెరటి వైపు నుంచి వచ్చిన పాలావిడ చెప్పింది, ఆరుగురూ వెనక మెట్లు దిగి, పెంటదిబ్బ పక్కగా, ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయారని.

ఇంత చెప్పుకుని కూడా ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. “మన మొహాలు చూడలేక అంత పెంటలో పడి పోయారంటే, లోపల మనకి ఇంకేం రాసిపెట్టారో” అంది పేరమ్మ. ఆమె పక్కన తాటాకు బుట్ట ఉంది.

పదిన్నర అయింది. సంఘం వాళ్ళెవరూ రాలేదు. పేరమ్మ గదిలోకొచ్చి బుట్ట దించింది. నిన్న మేడ మెట్ల కింద మిగిలిపోయిన చెప్పులు అందులోంచి ఒక్కో జతా తీసి, మట్టి దులిపి, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో జత చొప్పున పెట్టింది. భూషయ్య కుర్చీ ముందు ఏమీ లేదు. అతని చెప్పులు అతని ఇంట్లోనే ఉన్నాయి కదా. తర్వాత ఆడవాళ్ళంతా గోడవారన కింద కూర్చున్నారు. కాలవకి ఇంకో ఐదు రోజుల్లో నీళ్ళు వదులుతారు. వంతు తేలకపోతే పై ఊళ్ళవాళ్ళు పట్టుకున్నదే వంతు. అది అందరికీ తెలుసు.

పదకొండు దాటాక గుమ్మంలో నీడ పడింది. నరహరి. ఉత్త కాళ్ళతో వచ్చాడు. కుర్చీలూ, కుర్చీల ముందు చెప్పులూ, గోడవారన తొమ్మిది మందీ అతనికి కనబడ్డారు. వెనక్కి తిరగబోయినట్టు ఒక చెయ్యి నా మీద పడింది. తుప్పు పట్టి ఉన్నాను, అతని అరచేతికి ఎర్రగా అంటుకుంది. ఆ చెయ్యి పంచెకి తుడుచుకుని లోపలికొచ్చాడు. తన కుర్చీలో కూర్చున్నాడు. చెప్పులు వేసుకోలేదు.

“మిగతావాళ్ళు రారు” అన్నాడు, ఎవరివంకా చూడకుండా.

“మీరొచ్చారు గదా” అంది పేరమ్మ.

అతను తల వంచుకునే, “నిన్న మేడ మీద ఏం అనుకున్నామంటే...” అని మొదలుపెట్టాడు.

పేరమ్మ లేచి, రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినబడేలా, రెండు కిటికీలూ తెరిచింది.