పెటూనియా నారు

పెటూనియా పూల నారుని ఆకు పట్టుకుని ఎత్తాలి గాని కాడ పట్టుకోకూడదు. ఆకు చిరిగితే ఇంకోటి వేస్తుంది, కాడ నలిగితే ఇక అంతే సంగతులు. ఆ ఉదయం కూడా అక్క ఆకు కోసమే వెతుక్కుంటూ ఒక్కో మొక్కనీ ట్రేలోని గుంటలో దింపుతోంది. ఆ నర్సరీ షెడ్డులో అందరికీ ఆవిడ అక్కే, ఎప్పుడూ నెత్తిన టోపీతో తిరిగే మేస్త్రికి కూడా. పొట్టి మనిషి. ముక్కు మీద మట్టి, చెమటకి జారే కళ్ళజోడు. షెడ్డు ప్లాస్టిక్ పైకప్పు కింద ఒళ్ళు ఉడికిపోతున్నా ఆవిడకి పట్టదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరికేదీ? ఈ పూలు అయ్యేలోపు వచ్చే సీజన్ నారు నెత్తిమీద కూర్చుంటుంది" అనేది.

కొన్నాళ్ళుగా ఆవిడ వేళ్ళకి స్పర్శ తెలియడం లేదు. ఆకనుకుని పట్టుకున్నది కాడ అవుతోంది. నలిగిన మొక్క ఆ పూటకి నిక్షేపంగా నిలబడుతుంది, మర్నాటికి తల వాల్చేస్తుంది. అక్కడే వచ్చింది చిక్కు.

వాలిన ట్రేలు చూసి మేస్త్రి నీళ్ళు ఎక్కువయ్యాయన్నాడు. నీళ్ళు పట్టేది అక్క సొంత చెల్లెలు. మొగుడు పోయాక అక్కే వెంటపెట్టుకొచ్చి ఈ పనిలో పెట్టింది. "ఇంకొక్కసారి ఇలా అయితే నిన్ను మాన్పించక తప్పదు" అని మేస్త్రి నిన్న తేల్చి చెప్పాడు. రాత్రి చెల్లెలు అన్నం ముట్టలేదు. అక్కా ముట్టలేదు గాని, ఆకలి లేదని బొంకింది.

ఇవాళ మళ్ళీ రెండు ట్రేలు వాలిపోయాయి. చెల్లెలు పైపు పట్టుకుని బిక్కచచ్చిపోయింది.

"చుక్కలు చుక్కలుగానే పోశానక్కా, ఒట్టు."

"ఒట్టెందుకే, నాకు తెలీదూ?"

మేస్త్రి విసవిసా వస్తున్నాడు. అక్క ఆలోచించింది. చెప్తే తన పని పోతుంది, ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి. చెప్పకపోతే చెల్లెలు రోడ్డున పడుతుంది.

"దానిమీద అరవకు. నీళ్ళు కాదు, నా వేళ్ళు," అంది.

"ఊరుకో అక్కా. చెల్లెల్ని వెనకేసుకొస్తున్నావు."

అక్క ఎప్పటిలాగే ఓ మొక్క ఎత్తి అతని అరచేతిలో పెట్టింది. కాడ మధ్యలో తడిగా, నల్లగా నలిగిన గీత. మేస్త్రి కాసేపు దాన్నే చూసి టోపీ తీసేశాడు.

"గేటు దగ్గర కుర్చీ వేయిస్తాలే. వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చో."

"ఎదురుగా ఇంత నారు పెట్టుకుని ముట్టుకోకుండానా? నా వల్ల కాదు నాయనా."

చెల్లెలు భోరుమంది. "నాకైనా చెప్పలేదేం?"

"చెప్తే, నేనే నీళ్ళు ఎక్కువ పోశానని ఒప్పేసుకునేదానివి. నీ సంగతి నాకు తెలీదా ఏంటి?"

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మధ్యాహ్నం కాకుండానే వెళ్ళిపోయింది. పని సగంలో వదిలి వెళ్ళడం ఆవిడకి అదే మొదలు. ఏడుపు వచ్చింది గాని గేటు దాటేదాకా ఆపుకుంది.

మర్నాడు పొద్దున్నకి ఆవిడ చివరగా నాటిన ట్రే మొత్తం వాలిపోయింది. చెల్లెలు మట్టి దిమ్మరించి, ట్రే శుభ్రంగా కడిగి, బల్ల మీద అక్క నిలబడే చోట బోర్లించింది. కాసేపటికే అది ఆరిపోయింది, అయినా సాయంత్రం దాకా ఎవరూ దాన్ని తీయలేదు.