అపొలీనా తోమే తోలుగుర్రం

రోజూ పొద్దున్నే అపొలీనా వ్యాయామశాల నేల ఊడ్చి, తాళ్లు దులిపి, చివర్న తోలుగుర్రాన్ని తోమేది. వీపుమీది పిడులు పట్టుకుని కుర్రాళ్లు గిరగిరా తిరిగే కసరత్తు గుర్రమే అది. నాలుగు చెక్కకాళ్లు, కడుపు నిండా కొబ్బరిపీచు. ఈగ వాలితే దాని చర్మం జలదరించేది, వేసవిలో చెమట పట్టేది. ఆ బొహీమియా ఊళ్లో ఎవరికీ అది వింత కాదు. గడ్డి వెయ్యక్కర్లేదు, పేడ ఎత్తక్కర్లేదు, ఇంతకన్నా బుద్ధిమంతురాలైన గుర్రం ఎక్కడ దొరుకుతుంది అనేవారు.

ఆమె కొడుకు బొహూష్ ఆ వీపుమీదే ఛాంపియన్ అయ్యాడు. ప్రాగ్ పోటీలకు దాన్ని రైల్లో వెంట తీసుకెళ్లేవాడు, టిక్కెట్టు కొని మరీ.

పందొమ్మిది వందల పధ్నాలుగు వేసవిలో యుద్ధం వచ్చింది. పటాలంవాళ్లు ముందు గుర్రాల్ని రాసుకున్నారు, తర్వాత మగవాళ్లను. దేహపరీక్ష ఆ వ్యాయామశాలలోనే.

"రేపు కుంటుతూ వెళ్లరా," అంది అపొలీనా.

"ఛాంపియన్‌నమ్మా నేను! ఊరు నవ్వదూ?"

"నవ్వి చావనీ. నీ పతకాలు ముందేసుకుని నేను ఏడవాలా?"

ఆమె కోపమంతా గుర్రం మీద చూపించింది. "మోశావుగా ఇన్నేళ్లు! నువ్వైనా చెప్పవేమే వీడికి?"

మర్నాడు మిలిటరీ డాక్టరు బొహూష్ భుజాలు నొక్కి చూసి మురిసిపోయాడు. "ఇలాంటివాడు ముందు వరసలో ఉండాలి! ఏదీ, ఒక్కసారి తిరిగి చూపించు."

బొహూష్ పిడులు పట్టుకున్నాడు. వాడి కాళ్లు గాల్లో సున్నాలు చుట్టాయి. మూడో చుట్టులో తోలుగుర్రం ఒక్క అడుగు పక్కకు వేసింది.

వాడి కుడి మణికట్టు ఎండుపుల్లలా రెండుచోట్ల విరిగింది. పనికిరాడని రాసి, డాక్టరు తర్వాతివాణ్ణి పిలిచాడు.

బొహూష్ పరుగున వచ్చిన తల్లివైపు చూశాడు. "నువ్వే చెప్పావు కదూ దానికి?"

"నేను చెబితే వినేవాళ్లెవరురా ఇక్కడ?" అంది ఆమె, వణుకుతున్న గుర్రం వీపు నిమురుతూ.

బొహూష్ కుడిచెయ్యి మళ్లీ పిడి పట్టలేదు.

వారం తిరక్కుండా వాడితో కలిసి సాధన చేసిన పదకొండుమంది రైలెక్కారు. బొహూష్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎడమచెయ్యి ఊపాడు. రైలు కదిలింది. కిటికీల్లోంచి పదకొండుమందీ వాణ్ణి చూశారు. ఒక్కడూ చెయ్యూపలేదు.

రైలు కనుమరుగైనా వాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అపొలీనా దాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"పదరా. బంగాళదుంపలు ఉడకేశాను."