పాల వాసన వేసిన వాల్వు

ఆ డెయిరీలో బాయిలరు గది వెనక స్టోరు రూము ఉండేది. పట్టపగలు కూడా లైటు వెయ్యనిదే అందులో చెయ్యి కనిపించదు. పందొమ్మిదేళ్లుగా ఆ చీకటి కొట్టుకి మహారాణి స్టోరక్క. ఐదో క్లాసుతో బడి మానేసిన మనిషే గానీ, ఏ అరలో ఏ నట్టుందో, ఏ వాషరు ఎన్ని మిగిలాయో కళ్లకి గంతలు కట్టినా చెప్పేది. మేనేజర్లు నలుగురు మారారు. ఆమె మాత్రం ఆ స్టూలు మీదే ఉంది.

ఆమె మనుషులు మరో ఇద్దరు అదే డెయిరీలో పని చేసేవారు. ఒకరు భర్త. పాలు రుచి చూడటం ఆయన ఉద్యోగం. పొద్దున్నే ట్యాంకు పక్కనున్న గొట్టం కుళాయి తిప్పి, గరిటెడు పట్టి, నోట్లో పోసుకుని పుక్కిలించి ఆయన "ఊఁ" అంటే తప్ప ఒక్క సీసా కదలదు. ల్యాబులోకి మిషన్లు వచ్చాక కూడా ఆ పద్ధతి ఎవరూ మాన్పించలేదు. అందరూ ఆయన్ని నాలుక మేస్త్రి అనేవారు. రెండోవాడు ఆమె తమ్ముడు, ఫిట్టరు. నిద్రలో కూడా చేతిలో పానా ఉంటుందని వాడికి పానా అనే పేరు పడింది. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు, ఆమెకి పదహారు. జడలు వేసుకునే వయసులో వాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు వాడికి నలభై దాటాయి, పెళ్లీ పెటాకులూ లేవు. మధ్యాహ్నం మూడు క్యారేజీలూ స్టోరులోనే విప్పేవారు.

"బావా, కూరలో ఉప్పెక్కువైందా?" అనేవాడు వాడు కావాలని.

"ఉప్పు సరిగ్గానే ఉందిరా. మీ అక్క కోపంగా వండింది. నాలుక్కి తగుల్తోంది."

"అక్కకి కోపం లేని రోజు వండింది ఏదైనా ఉంటే చెప్పు బావా, అదే తింటాను."

"అయితే నీకు పస్తేరా!"

"మీ ఇద్దరి నోళ్లకీ చెరో వాల్వు బిగిస్తే గానీ నాకు శాంతి లేదు," అని ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే ఇద్దరికీ మారు వడ్డించేది.

వాల్వుల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ డెయిరీలో మూడు దారుల వాల్వులు రెండు రకాలు. పైకి రెండూ కవల పిల్లలే. అదే ఒళ్లు, అదే పిడి, అవే మూడు నోళ్లు. తేడా అంతా కడుపులో తిరిగే ఇనప బంతిలో ఉంటుంది. ఎల్ రకం బంతిలో బెజ్జం మోచెయ్యి వంచినట్టు ఉంటుంది. పిడి ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. ఏ దారి తెరిచినా ఇంకో దారి మూసేస్తుంది. టీ రకం బంతికి మూడు వైపులా బెజ్జాలే. పిడి ఒకవైపు తిప్పితే రెండు దారులే కలుస్తాయి గానీ, ఇంకోవైపు తిప్పితే మూడూ ఒకటైపోతాయి. వేడినీళ్లూ చన్నీళ్లూ కలపడానికి అది బంగారం లాంటిది. పాల ట్యాంకు దగ్గర మాత్రం దాన్ని పెట్టకూడదు. అక్కడ ఒకే గొట్టంలో పగలు పాలు వస్తాయి, సాయంత్రం గొట్టం కడగడానికి, ఒంటి మీద పడితే చర్మం కాల్చే కాస్టిక్ సోడా నీళ్లు వస్తాయి. పాలు ట్యాంకులోకి పోవాలి, కాస్టిక్ బయటికి పోవాలి. ఒకదాని మొహం ఒకటి చూడకూడదు.

అందుకే స్టోరక్క టీ వాల్వులన్నిటి పిడులకీ ఎర్రదారం కట్టి ఉంచేది. పానా కూడా ఊరికే తీసుకునేవాడు కాదు. బల్ల దగ్గరే నిలబడి ఒక నోట్లో ఊది, మిగతా రెండు నోళ్ల దగ్గరా వేలు పెట్టి గాలి చూసుకునేవాడు. "నా మీద నమ్మకం లేదురా నీకు," అని ఆమె అంటే, "నీ మీద ఉందక్కా, వాల్వు మీదే లేదు," అనేవాడు.

ఆ ఏడు వానలకి స్టోరు కప్పు కారింది. అర తడిసి, ఎర్రదారాలకి బూజు పట్టింది. ఆమె దారాలన్నీ కత్తిరించి పారేసి, కొత్తవి కడదామని వాల్వులన్నీ బల్ల మీద పరిచింది. ఎల్ రకం ఎడమవైపు, టీ రకం కుడివైపు. ఈలోగా కప్పు మీద నుంచి మళ్లీ చుక్కలు పడ్డాయి. గబగబా బల్లని గోడవారకి జరిపింది. జరపడంలో నాలుగైదు దొర్లాయి. వాటిని ఎత్తి మళ్లీ వరసలో పెట్టింది. ఏది ఎటు నుంచి దొర్లిందో తనకి తెలుసనే అనుకుంది.

సరిగ్గా అప్పుడే పానా పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, రెండో ట్యాంకు వాల్వు కారిపోతోంది. బయట మూడు లారీలు నిలబడ్డాయి. మేనేజరు నా నెత్తి మీద కూర్చున్నాడు. ఎల్ ఒకటి పడెయ్."

ఆమె ఎడమవైపు నుంచి ఒకటి తీసి ఇచ్చింది. వాడు అలవాటుగా నోటి దగ్గర పెట్టుకోబోయాడు.

"ఊదుతూ కూర్చుంటే లారీల్లో పాలు పెరుగవుతాయి. పందొమ్మిదేళ్లలో నా చేతి మీదుగా ఒక్కటైనా తేడా వచ్చిందట్రా? పో!"

వాడు నవ్వి పరిగెత్తాడు. బిగించాడు. నీళ్లు వదిలి చూశాడు. పిడి ఎడమకి తిప్పితే నీళ్లు ట్యాంకులోకి పోయాయి. కుడికి తిప్పితే బయటి గొట్టంలోంచి ధారగా వచ్చాయి. పిడి కుడివైపున్నప్పుడు ట్యాంకు గొట్టంలోకి కూడా నీళ్లు ఎక్కుతున్నాయని బయటికి కనపడదు కదా. కనపడలేదు.

సాయంత్రం గొట్టం కడిగారు. మర్నాడు పొద్దున నాలుక మేస్త్రి కుళాయి తిప్పి గరిటె పట్టాడు. గొట్టంలో నిలిచిన కాస్టిక్, అడుగున మిగిలిన పాలతో కలిసి తెల్లగానే ఉంది. వాసనా లేదు. ఎప్పటిలాగే నోటినిండా పోసుకున్నాడు. మంటకి ఉలిక్కిపడి ఉమ్మబోతూ సగం మింగేశాడు.

స్టోరుకి తాళం కూడా వెయ్యకుండా ఆమె ఆయన వెంట ఆసుపత్రికి పరిగెత్తింది. గొంతు కాలింది, ప్రాణం నిలిచిందన్నారు డాక్టర్లు. నాలుకకి మాత్రం ఇక రుచి తెలియదన్నారు.

రెండో రోజు బట్టల కోసం ఇంటికి వెళుతూ దారిలో స్టోరుకి వచ్చింది. వాల్వులన్నీ ఎవరో డబ్బాల్లోకి సర్దేశారు. టీ రకం వాల్వుల డబ్బాలో ఒకటి తడిగా ఉంది. తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పాల వాసన. నీళ్ల గొట్టాలకి తప్ప వాడని టీ వాల్వుకి పాల వాసన ఎక్కడిది? స్టూలు మీద కూలబడింది. వెనకనుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"దాన్ని కడిగి డబ్బాలో పడెయ్ అక్కా. అందరూ ఆసుపత్రికి పోయినప్పుడు నేనే మార్చేశాను. ఇప్పుడక్కడ ఎల్ ఉంది. నేనే పిడి తిరగేసి బిగించానని, అందుకే కాస్టిక్ ట్యాంకు వైపు పోయిందని మేనేజరుకి చెప్పాను. రాసి కూడా ఇచ్చాను."

"ఒరేయ్, నేను కదరా..."

"నోరు ముయ్యి. ఊదకుండా తీసుకెళ్లింది నేను. బావకి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. ఇద్దరం దోషులమైతే ఆయన ఎవరి మొహం చూసి బతుకుతాడు?"

ఆమె కుళాయి కింద పెట్టి దాన్ని కడిగింది. కడుగుతున్నంతసేపూ, రేపు చెబుతాను, ఆయన కాస్త కోలుకోగానే చెబుతాను అనుకుంది.

పానా ఉద్యోగం పోయింది. నాలుక మేస్త్రి ఇంటికొచ్చాడు. గొంతు గాలిలాగా వచ్చేది, చెవి దగ్గర పెడితే గానీ తెలియదు. ఆ గాలితో ఆయన అన్న మొదటి మాట, "వాణ్ణి నా గుమ్మం తొక్కనివ్వకు."

ఆమె "ఊఁ" అంది.

ఆ తర్వాత రోజుకి పదిసార్లు అదే గోల. "చేతుల మీద పెంచావు. నా కొడుకనుకున్నాను. వాల్వు బిగించేముందు ఒక్కసారి చూసుకోలేకపోయాడా?" ఆమె ఆయన నోట్లో చల్లార్చిన జావ చెంచాతో పోస్తూ "ఊఁ" అనేది. సాయంత్రం వీధి చివర పానా నిలబడి ఉండేవాడు. చెత్త పారబోసే వంకతో వెళితే, "ఇవాళ ఎన్ని చెంచాలు తాగాడు?" అని అడిగేవాడు. చెబితే తలూపి వెళ్లిపోయేవాడు.

నలభయ్యో రోజు సాయంత్రం వాడు చెంచాల లెక్క అడగలేదు. "ఓడలు బాగుచేసే చోట పని దొరికిందక్కా. చాలా దూరం. ఎల్లుండి పొద్దున్నే బస్సు. బావని ఒక్కసారి... దూరం నుంచైనా పర్లేదు, నిద్రపోతున్నప్పుడైనా."

ఆమెకి ఇక రేపు అనడానికి రేపు మిగల్లేదు.

మర్నాడు డెయిరీ తెరవగానే మేనేజరు గదికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి జాలిగా చూశాడు. "తమ్ముడి మీద ప్రేమ ఎవరికుండదమ్మా? మేం విప్పి చూసినప్పుడు అక్కడున్నది ఎల్ వాల్వే. వాడే ఒప్పుకుని రాసిచ్చాడు కూడా. ఇంటికెళ్లి మీ ఆయన్ని చూసుకో," అన్నాడు.

ఇంటికొచ్చి భర్తకీ చెప్పింది, మర్నాడు తమ్ముడి బస్సు సంగతితో సహా. ఆయనా నమ్మలేదు. "అబద్ధం," అన్నాడు గోడవైపు తిరిగి. "వాడికోసం నువ్వు ఏదైనా చెబుతావు."

ఆమె మళ్లీ స్టోరుకి వెళ్లింది. తను కడిగిన వాల్వు ఏదో ఆమె చేతులకి తెలుసు. దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. పైపైన కడిగిందే గానీ ఆ రోజు విప్పలేదు. స్క్రూడ్రైవరూ దాన్నీ కలిపి ఆయన మంచం మీద పెట్టింది.

"విప్పి చూడండి. ఇది టీ. పాలు దీని దరిదాపులకి రాకూడదు."

ఆయన చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత లేచి కూర్చుని స్క్రూలు ఒక్కొక్కటే తీశాడు. పాలతో ముప్పయ్యేళ్లు బతికిన మనిషి. బంతి ఊడదీశాడు. బంతికీ దాని గూటికీ మధ్య సందులో ఎండిపోయి, పసుపు తిరిగిన పెచ్చు అంటుకుని ఉంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుక చచ్చిపోయింది గానీ ముక్కు బతికే ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండో రోజే."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఆమె అర్థం చేసుకుంది. వాల్వు మారిపోవడం ఆయన ఎప్పుడో క్షమించగలడు. ఆయన ఆ బిడ్డలాంటివాణ్ణి తిట్టిన ప్రతి తిట్టుకీ పక్కన కూర్చుని తను "ఊఁ" అంది. దాన్నెలా మింగుతాడు?

"కాళ్లు పట్టుకుంటాను, ఏదో ఒకటి అనండి," అంది.

ఆయన బంతిని గూట్లో పెట్టి, స్క్రూలన్నీ మళ్లీ బిగించి, తువ్వాల్లో చుట్టి ఆమెకి ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే ఆమె కూడా కొంగు సర్దుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వొద్దు." ఒక్కడే, గోడలు పట్టుకుంటూ బస్సుల దగ్గరికి వెళ్లాడు. నలభై రోజుల్లో ఇల్లు దాటడం అదే మొదలు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. ఎండ ఎక్కింది. బస్సు వెళ్లిపోయి చాలాసేపయ్యాక గానీ ఆయన రాలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చొక్కా భుజం మీద తడి. అది తమ్ముడి కన్నీళ్లదని చూడగానే తెలిసింది.

"వాడేమన్నాడు?"

ఆయన నీళ్లు తాగి, గొంతు కుదురుకునేదాకా ఆగాడు. "నిన్ను ఒక్క మాట కూడా అనొద్దన్నాడు. తన తలమీద నా చెయ్యి పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు."

ఆ ఒట్టు ఆయన నిలబెట్టుకున్నాడు. నీళ్లు కావాలంటే అడిగేవాడు. కిటికీ మూయమనేవాడు. తమ్ముడు ఉత్తరం రాస్తే చదివి, మడిచి, ఆమెకి అందేచోట పెట్టేవాడు. ఆ వాల్వు మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. కోపంగా చూడనైనా లేదు. ఆమె కావాలని జావ పొంగబెట్టేది, గిన్నెలు చప్పుడు చేసేది, ఆయన మందుల వేళ మర్చిపోయినట్టు నటించేది. ఒక్కసారి తిడతాడేమో, ఆ తిట్టులో అదికూడా కలిపి తిట్టేస్తాడేమోనని.

ఆయన తనే లేచి, మందు వేసుకుని, వచ్చి పడుకునేవాడు.