పెంచుకున్న మూడేళ్ళు

స్కూలు బస్సు డ్రైవరు ఈ వయసులో జుట్టుకు రంగేశాడని, రెండో పెళ్ళి యోగమేమైనా పట్టిందేమోనని ఎదురింటావిడ కుళాయి దగ్గర అందట. ఆ మాట నాలుగిళ్ళు తిరిగి, తోకలు తగిలించుకుని డ్రైవరు భార్య చెవిన పడింది. ఆమెకు నవ్వు రాలేదు. రంగు ఎందుకేశాడో ఆమెకు తెలుసు.

అరవై నిండినవాళ్ళు బస్సు నడపకూడదని స్కూలువాళ్ళు కొత్తగా నిబంధన పెట్టారు. కాగితాల ప్రకారం వచ్చే నెలకు అతనికి అరవై. అసలు వయసు యాభై ఏడే. తండ్రి పోయిన ఏడాది, పదిహేడేళ్ళ వాడు లారీ ఎక్కాలని లైసెన్సు కాగితాల్లో మూడేళ్ళు కలిపి ఇరవై అని రాయించుకున్నాడు. వెంట వెళ్ళి అవునని సాక్షి సంతకం పెట్టింది అక్కే. ఆనాడు పెంచుకున్న మూడేళ్ళు నలభై ఏళ్ళపాటు నోరు మూసుకుని కూర్చుని, ఇప్పుడు లేచి పీక పట్టుకున్నాయి.

పుట్టిన తేదీ తప్పని ఇంటి పెద్దలెవరైనా రాసిస్తే చూద్దామన్నాడు మేనేజరు. అందుకే ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. విషయం విని పడీపడీ నవ్వింది. అప్పుడొక అబద్ధానికి సంతకం, ఇప్పుడది అబద్ధమని ఇంకో సంతకం, నన్ను జైల్లో వేయించేదాకా నీకు నిద్ర పట్టదా అంది. అంటూనే కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను తెమ్మని భర్తను కేకేసింది.

దాంతో అతని గుండె కుదుటపడింది. అక్క దగ్గర అతని కడుపులో మాట ఎన్నడూ దాగదు. మొన్నటి సంగతి చెప్పేశాడు. పిల్లల్ని దించి బస్సు వెనక్కి తీస్తుంటే, దొర్లిపోయిన నీళ్ళ సీసా కోసం ఒక పాప చక్రం వెనక వంగింది. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ రేకు మీద దబదబా బాదితే బస్సు జానెడు దూరంలో ఆగింది. ఎవరితోనూ అనొద్దని ఆయమ్మను బతిమాలుకున్నాడట.

"అద్దంలో కనపడలేదా?" అంది అక్క.

"సాయంత్రం ఎండ పడితే అద్దమంతా తెల్లగా అయిపోతోందక్కా ఈ మధ్య. బ్రేకు వేశాను కదా."

అక్క పెన్ను మూత పెట్టేసింది. ముప్పై ఏళ్ళలో బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదని, ఫోను చూస్తూ నడిపే కుర్రాళ్ళకంటే వీడే నయమని, బస్సు దిగితే మంచాన పడతాడని బావ సర్దబోయాడు. డ్రైవరు అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్లల గోల చెవిన పడకపోతే తనకు తెల్లారినట్టే ఉండదన్నాడు.

"నేను రాయమన్నది నిజమే కదక్కా. ఇందులో అబద్ధమేముంది?"

అక్క చెయ్యి విడిపించుకోలేదు.

"నిజమేరా. నీకు యాభై ఏడే. ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెప్తాను. ఆ పాప నీకు కనపడలేదని కూడా అక్కడే చెప్తాను."