తాడు నీడ

హోసూరు రాజప్ప టాకీసులో ఆంజప్ప ముప్పై ఏళ్లుగా ఆపరేటరు. గోడలో జానెడు గాజు కిటికీ, దాని వెనక ఆయన. తెర వైపు చూసేవాళ్లకు కథ తెలుస్తుంది. జనం వీపులు చూసేవాడికి సినిమా ఆడుతుందో ఆడదో తెలుస్తుంది. ఆంజప్ప వీపులు చూసే రకం. మొదటి ఆట సగమైనా కాకముందే కిందికి దిగి "నాలుగు వారాలు ఆడతాదన్నా" అనేవాడు ఓనరు రాజప్పతో. లేదంటే పెదవి విరిచేవాడు. ఆయన మాట తప్పింది చాలా తక్కువ.

ముఖ్యంగా ఫైట్ల సినిమాల్లో ఆయనకు తిరుగులేదు. హీరో ముందు నాలుగు దెబ్బలు తినాలి. తినకుండా కొట్టాడా, జనం కంటికి వాడూ ఒక రౌడీయే. పెదవి చిట్లి, ఆ రక్తాన్ని బొటనవేలితో తుడుచుకుని, వేలివైపు ఒకసారి చూసుకుని అప్పుడు కొడితే దేవుడు. మొదటి అరగంటలో చెల్లెలో స్నేహితుడో మరీ నవ్వుతూ కనబడితే వాళ్లకు నూకలు చెల్లినట్టే. ఇంటర్వెల్‌కు ముందు హీరో చావాలి, ఇంటర్వెల్ అయ్యాక లేవాలి. ఆ పదిహేను నిమిషాలూ జనం బయట నిశ్చింతగా సమోసాలు తింటారు. వాడు చావడని అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే వాడు పడుతుంటే అంత సంబరం. నిజంగా పడినట్టుండాలి, నిజంగా పడకూడదు. డబ్బిచ్చి కూర్చునేది దాని కోసమే. ఇందులో జనాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదనే ఆంజప్ప చాలాకాలం అనుకున్నాడు.

ఆ టాకీసులో మొదటి రోజు మొదటి ఆటకు ఒక వాడుక ఉంది. ఏదైనా సీను జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని కుర్చీలు బాదుతారు. బాదితే వెయ్యాల్సిందే. వెయ్యకపోతే ఆ కుర్చీలు మరునాటికి మిగలవు. రీళ్ల కాలంలో అది పెద్ద చాకిరీ. ఇప్పుడంతా మిషన్, మీట నొక్కితే వెనక్కి పోతుంది. అయినా ఎక్కడి నుంచి వెయ్యాలన్నదే అసలు పనితనం. మరీ ముందు నుంచి వేస్తే జనం చల్లబడిపోతారు. విజిల్ పడే చోటికి సరిగ్గా ఒక్క క్షణం ముందు పట్టుకోవాలి. ఆంజప్ప వేళ్లకు అది చూడకుండానే తెలుసు.

కొడుకు యతీశ్ ఆ మిషన్ గదిలోనే పెరిగాడు. ఆంజప్ప తండ్రి కెలమంగలం చుట్టూ గొర్రెలు మేపినవాడు. మనవడికి మాత్రం గొర్రెలు పట్టలేదు, తెర పట్టింది. చిన్నప్పుడు తండ్రీకొడుకులకు ఒక ఆట ఉండేది. తెర మీద మనిషి గాల్లో ఎగిరితే తాడు ఎక్కడుందో కనిపెట్టాలి. కంప్యూటర్లు వచ్చాక తాళ్లను తుడిచేయడం మొదలైంది, ఆట చెడింది. అప్పుడు ఆంజప్పే కిటుకు చెప్పాడు.

"తాడును సూడాకురా. నీడను సూడు. తాడును చెరిపేస్తారు, నీడను మర్సిపోతారు."

ఆ ఏడాదంతా పిల్లవాడు నీడలు పట్టుకుని గంతులేశాడు. పెద్దయ్యాక బెంగళూరు పోయి ఫైటర్లలో చేరాడు, హీరోలకు డూపుగా కార్ల మీది నుంచీ మిద్దెల మీది నుంచీ పడ్డాడు. డూపుకు పేరుండదు, ముఖముండదు, వీపే ఉంటుంది. తన కొడుకు వీపుకు విజిల్ పడిందంటే ఆంజప్ప ఆ రోజంతా బూతు సామెతలు చెప్పి నవ్వించేవాడు.

నిరుడు ఒక సాయంత్రం యతీశ్ ఫోన్ చేశాడు.

"నాయనా, రేపు కెలవరపల్లి డ్యామ్ మీద షాటు. హీరోకు డూపు నేనే. పైనుంచి కిందికి పడాల. ఎట్ల పడితే విజిల్ పడుతుందో చెప్పు."

ఫోను స్పీకర్‌లో ఉంది. భార్య మారక్క పక్కనే పట్టుపురుగుల తట్టలు కడుగుతోంది. ఆంజప్ప గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ముప్పై ఏళ్లుగా కాచుకున్నవాడాయె.

"తాడుంటే మనిషికి ధైర్యం ఉంటాది. ధైర్యం ఉన్నోడు పడేది వేరేగా ఉంటాది. జనం ఇట్టే పట్టేస్తారు. తాడు ఉన్నట్టు తెలిసిందా, ఒక్క విజిల్ రాదు. తాడు లేనోని మాదిరి పడాల."

"సరే నాయనా" అని యతీశ్ నవ్వాడు. ఆయన విన్న వాడి ఆఖరు నవ్వు అదే.

యతీశ్ పోయిన మూడో రోజు సినిమా కంపెనీ మేనేజరు మాదేశ్ వచ్చి కూర్చున్నాడు. నల్ల కళ్లద్దాలు తీసి చేతిలో పెట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు.

"తాడు వద్దన్నది మీవాడే అప్పా. మా నాయన ఆపరేటరు, తాడుంటే విజిల్ రాదని చెప్పినాడు అని అందరి ముందరా అన్నాడు. ఇప్పేసి దూకినాడు. మేమేం చేస్తాము? స్టేషన్లోనూ అట్లే రాసుకున్నారు. ఆ షాట్ మాత్రం సినిమాలో పెట్టము, నా మాట నమ్మండి."

మర్యాదగా చెప్పే అబద్ధాలకు ఉన్న బలం కేకలేసి చెప్పేవాటికి ఉండదు. ఆంజప్ప నమ్మాడు. ఎలా నమ్మకుండా ఉంటాడు? అవి తన మాటలే, యతీశ్ చెబితే తప్ప మాదేశ్‌కు తెలిసేవి కావు. తన నోటితో తనే కొడుకును తోశాననుకున్నాడు. పదకొండో రోజు నుంచి మారక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. "అన్నం ఆడ ఉండాది" అని గోడకు చెప్పేది, ఆయన తినేవాడు. తొమ్మిది నెలలు ఇల్లు అలాగే గడిచింది. భార్య మౌనం చూసినప్పుడల్లా ఆయనకు ఒకటే వినిపించేది: నీ మాటే చంపింది.

సినిమా విడుదలకు ముందు ట్రైలర్ వచ్చింది. అందులో రెప్పపాటు డ్యామ్ గోడ, గాల్లో మనిషి. మాదేశ్ మాట అంతటితో తెల్లారింది. రాజప్ప మంచివాడు. "ఈ వారం నువ్వు రావద్దప్పా. సూళగిరి నుంచి ఇంకో ఆపరేటర్ని పిలిపిస్తా" అన్నాడు.

"వస్తానన్నా" అన్నాడు ఆంజప్ప. కొడుకు తన మాట విని తాడు విప్పాడా లేదా అన్నది ఆ తెర మీద తప్ప ఇంకెక్కడా తేలదని ఆయనకు తెలుసు.

విడుదల రోజు తొమ్మిది గంటల ఆట. గేటు దగ్గర డప్పులు, హీరో కటౌట్‌కు గజమాల. తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు, అందరూ ఒకే భాషలో విజిళ్లు వేస్తున్నారు. సినిమా కొలిచినట్టే నడిచింది. దెబ్బలు తిన్నాడు, రక్తం తుడుచుకున్నాడు, నవ్వుతున్న చెల్లెలు చచ్చిపోయింది. ఇంటర్వెల్ దగ్గర పడుతుంటే ఆంజప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

డ్యామ్ గట్టు మీద హీరో ముఖం. తర్వాత వెనక నుంచి ఒక వీపు. ఎడమ భుజం కొంచెం కిందికి, కుడి మోచేయి లోపలికి. మాదేశ్ లాంటివాళ్లు వెయ్యిమంది వచ్చి కాదన్నా అది యతీశ్ నిలబడే తీరు. తుపాకీ పేలింది. ఆంజప్ప కళ్లు మూసుకున్నాడు.

కళ్లు మూసుకున్నా చెవులు మూతపడలేదు. హాలు పైకప్పు లేచిపోయింది. ముప్పై ఏళ్లలో అంత విజిల్ ఆయన వినలేదు. ఆ వెంటనే కుర్చీల బాదుడు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" కింది నుంచి రాజప్ప ఫోన్ చేశాడు. ఎత్తితే అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

ఆంజప్ప మీట నొక్కాడు. వేళ్లకు అలవాటైన చోటికే తీసుకుపోయి వదిలాడు, గట్టు నుంచి కాలు లేచే చోటికి.

రెండోసారి కళ్లు తెరిచి చూశాడు. కొడుకు పడుతున్నాడు. అంతకు మించి ఏమీ కనబడలేదు, కళ్లనిండా నీళ్లు. డ్యామ్ నీళ్లను తాకకముందే షాటు కోసేశారు. ఎందుకు కోశారో ఆయనకు తెలుసు. యతీశ్ నీళ్లదాకా పోలేదు, గోడ అడుగున కాంక్రీటు అంచు మీద పడ్డాడు. జనం మళ్లీ బాదారు.

మూడోసారి తువ్వాలుతో కళ్లు గట్టిగా తుడుచుకుని, కొడుకును వదిలేసి గోడను చూశాడు. సాయంత్రపు ఎండ డ్యామ్ గోడ మీద ఏటవాలుగా పడుతోంది. గోడ మీద యతీశ్ నీడ దిగుతోంది. ఆ నీడ వీపులోంచి పైకి సన్నగా ఒక గీత.

జనం అడగలేదు. అయినా నాలుగోసారి వేశాడు, విజిళ్లు మళ్లీ లేచాయి. ఈసారి జేబులోంచి సెల్లు తీసి కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. తెరను అలా తీయడం నేరమని హాల్లో బోర్డు రాసి పెట్టించింది ఆయనే. గీత మొదట నిటారుగా ఉంది, బిగించి లాగినట్టు. సగం దూరం దిగాక ఒక్కసారిగా వంకర పోయింది. పైకొన ఊడి, నీడ వెనకే చుట్టలు తిరుగుతూ దిగింది. తాడును చెరిపేశారు. నీడను మరిచిపోయారు.

వాడు తాడు విప్పలేదు. పైన కట్టినవాళ్లు సరిగా కట్టలేదు.

ఆంజప్ప ఆ చిన్న గదిలో గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు. తొమ్మిది నెలలుగా గుండె మీద ఉన్న బండ దిగిన ఏడుపు అది. సిగ్గులేకుండా చెప్పాలంటే ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది. కింద జనం సమోసాలకు పోతున్నారు.

మ్యాట్నీకి ఇంకొకరిని పెట్టమని చెప్పి, ఇంటికి పోవడానికి కెలమంగలం బస్సెక్కాడు. దారంతా సెల్లు గుప్పిట్లోనే. కన్న తల్లికి ఆ పడటాన్ని చూపించొచ్చా అని రెండుమూడు సార్లు అనుకున్నాడు. చూపించకపోతే తను జన్మంతా హంతకుడే కదా అని కూడా అనుకున్నాడు. రెండో ఆలోచనే గెలిచింది.

మారక్క పురుగుల షెడ్డులో ఉంది. పురుగులు ఆఖరి మేత మీదున్నాయి, ఒకటే సద్దు. ఆమె మల్బరీ కొమ్మలు పరుస్తోంది. ఆంజప్ప చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పోయాడు.

"మేయ్, తాడు ఉండింది! నీడ పడింది గోడ మింద. నేను సూసినాను. వాడు ఇప్పలేదు మే. పైన కట్టినోళ్లది తప్పు. నా మాట కాదు. నా మాట కాదు."

మారక్క చేతులు కొంగుకు తుడుచుకుని సెల్లు అందుకుంది. బొమ్మ కంటే ముందు విజిళ్లు వచ్చాయి. ఆమె చివరిదాకా చూసింది.

"ఈ సద్దేంది?" అంది. తొమ్మిది నెలల తర్వాత ఆయనతో ఆడిన మొదటి మాట.

"విజిళ్లు."

"ఎన్నిసార్లు వేస్తివి?"

"నాలుగు."

మారక్క తలాడించింది. "తాడు కట్టుకున్నాడని నాకు అప్పుడే తెలుసు" అంది.

"ఎట్ల తెలుసు?" అన్నాడు ఆంజప్ప.

"ఆ పొద్దున నాకు ఫోన్ చేసినాడు. మీ నాయన మాట వినాకురా, తాడు కట్టుకోరా అంటిని. కట్టుకుంటాలేమ్మా, నీ మీదొట్టు అన్నాడు. నా మీద ఒట్టు పెట్టి వాడు తప్పడు. పోలీసోళ్లకూ చెప్పినాను. వాళ్లు రాసుకోలే."

"మరి... నాతో ఎందుకు మాట్లాడకపోతివి?"

"బిడ్డ డ్యామ్ మీద నుంచి పడాల అని చెప్తే, వద్దురా అని నీ నోట ఒక్క మాట రాలే. విజిల్ ఎట్ల పడుతుందో చెప్తివి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయన కూడా ఏదో ఒకటి అనగలిగేవాడు. షెడ్డులో పురుగులు ఆకు తింటూనే ఉన్నాయి. మారక్క సెల్లు ఆయన వైపు చాచింది. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి, ముఖం మెత్తబడింది.

"మొదట్నించి వెయ్యి" అంది.

"ఇదే మొదలు మే."

"ఇది కాదు. పడక ముందర గట్టు మింద నిలబడింటాడు కదా. అది వెయ్యి. ఆడ ఆపు. ముఖం లేకున్నా సరే, వీపైనా సూడనీ. బిడ్డను నిలబడినప్పుడు సూడాల."

ఆంజప్ప సెల్లు తీసుకున్నాడు. వెనక్కి జరిపాడు. కాలు గట్టు మీద నుంచి లేచే క్షణంతో అది మొదలవుతుంది. ఇంకా వెనక్కి జరిపాడు. ఇంక వెనక ఏమీ లేదు.

"అది తీయలేదు" అన్నాడు.

"ఎందుకు తీయలే?"

ఆపుకునేలోపే జవాబు నోటికి వచ్చేసింది.

"ఆడ విజిల్ పడదు."

మారక్క అటు తిరిగి, కింద పడి ఉన్న మల్బరీ కొమ్మ అందుకుని పురుగుల మీద పరిచింది.