ఇంటి భోజన సదుపాయం కలదు

“కుక్కర్ని చీరల మధ్యలో పెట్టు. విమానంలో సామాను విసిరి పారేస్తారు. దానికేమన్నా అయిందంటే పన్నెండు రోజులూ పస్తులే,” అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

ప్రయాణానికి ఇంకా వారం ఉంది. మెట్టుగూడలో మా ఇంటి మధ్యగదిలో రెండు సూట్‌కేసులు తెరిచి పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. కుక్కర్ ఎందుకని అడగలేదు. ఆయన అక్కగారు మేబెల్ వదిన కూడా మాతో వస్తోంది. ఆవిడకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. వేళకి అన్నం పడకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆవిడ కోసమే అనుకున్నాను. కరెంటు పొయ్యి కూడా పెట్టమన్నప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ వారమంతా నేను వేరే లోకంలో ఉన్నాను.

సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పి, రెండువేల పన్నెండు ఏప్రిల్లో రిటైరయ్యాను. ఏటా తొమ్మిదో తరగతికి యూరప్ పటం బోర్డు మీద చేత్తోనే గీసేదాన్ని. డాన్యూబ్ నదికి నీలం సుద్దముక్క విడిగా దాచుకునేదాన్ని. నేను ఉద్యోగంలో చేరేనాటికి యుగోస్లావియా ఒకే దేశం. తర్వాత అది ఒక్కొక్క ముక్కా విడిపోతుంటే బోర్డు మీద సరిహద్దులు చెరిపి కొత్తవి గీశాను. ఆ నేలని ఒకసారి కళ్ళతో చూడాలని ఎన్నేళ్ళ నుంచి అనుకున్నానో నాకే తెలియదు. రిటైరైన నెలలో ఒక టూర్ కంపెనీ కరపత్రం చేతికొచ్చింది. బల్గేరియా, సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, మాంటెనెగ్రో. ఏసీ కోచ్‌లో పన్నెండు రోజులు. కింద లావు అక్షరాలతో ‘ఇంటి భోజన సదుపాయం కలదు’ అని ఉంది. నేను చూసింది దేశాల పేర్లు. మా ఆయన జ్ఞానశేఖర్ చూసింది ఆ కింది ముక్క.

సెప్టెంబర్లో బయల్దేరాం. బల్గేరియా రాజధాని సోఫియాలో దిగిన సాయంత్రం ఇంకా స్నానం కూడా చేయలేదు, తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే టూర్ మేనేజర్ ధర్మరాజు. మల్కాజ్‌గిరి మనిషి, నలభై దాటి ఉంటాయి. భుజం మీద పది కిలోల బియ్యం సంచి.

“మేడం, బియ్యం తెచ్చిన. కూరగాయలు కింద ఉన్నయి, పంపిస్త. ఇయ్యాలకు పప్పు, అన్నం చాలు. ఇరవై నాలుగు మందికి.”

“ఎవరు వండుతారు?” అన్నాను.

అతను నా వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు. “సార్ మీకు చెప్పలేదా? మా వంటాయనకు వీసా రాలే మేడం. సార్ ఆఫీసుకొచ్చి, మా మేడం ఉన్నది గదా, మీరు పరేషాన్ గాకుండ్రి అన్నరు.”

అతను వెళ్ళాక మా ఆయన మంచం మీద నడుం వాల్చి, “నీకిదేమన్నా లెక్కా కాంతం? క్రిస్మస్‌కి యాభైమందికి వండుతావు. పాపం అతను ఇరుక్కుపోయాడు. సేవ అనుకో,” అన్నారు.

మా ఇంట్లో నేను చేసే ప్రతి పనికీ సేవ అనే పేరు. ఆయన చర్చిలో సంఘ పెద్ద. రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన చేసిన పనులకి కమిటీ, బాధ్యత, సర్వీసు అని పేర్లున్నాయి. శాలువాలు కప్పారు. స్కూలు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే పొయ్యి వెలిగించి, ఆయన అమ్మగారిని తొమ్మిదేళ్ళు మంచంలో చూసుకుని, పొద్దున్న ఏడున్నరకి మళ్ళీ స్కూలు గేటు దగ్గర ఉన్నదానికి మాత్రం సేవ. సేవ చేసినవాళ్ళు అలసిపోయామని అనకూడదు. ఆ సాయంత్రం హోటల్ బాత్‌రూమ్‌లో బియ్యం కడిగాను. అప్పుడే ఎందుకు కాదనలేదని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. అందరి ముందూ ఆయన మాట పోతుందని అనుకున్నాను. పెళ్ళైన ముప్పై నాలుగేళ్ళుగా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మర్నాడు కోచ్ ఎక్కుతుంటే ధర్మరాజు చేయి చూపించి, “సార్, ముందు సీట్లు మీకూ మీ అక్కగారికీ పర్మనెంట్. మాటంటే మాటే,” అన్నాడు. పెద్ద అద్దం, ఎదురుగా రోడ్డు, కొండలు, అన్నీ కనిపించే సీట్లు. నా సీటు చిట్టచివరి వరసలో. పక్కన బియ్యం సంచి, కాళ్ళ దగ్గర పచ్చడి సీసాలు. ఆయన నన్ను దేనికోసం ఇచ్చేశారో అప్పుడు అర్థమైంది. ఒక కిటికీ కోసం.

నాలుగున్నరకి లేవడం, అన్నం వండడం, పొట్లాలు కట్టడం, ఎనిమిదికి కోచ్‌లో పంచడం. జనరల్ బజార్‌లో బంగారు కొట్టున్న బ్రహ్మచారి గారు ఉల్లిపాయ తినరు. “అమ్మా, జెర నాకు సెపరేట్ తీయుండ్రి,” అని రోజూ గుర్తు చేసేవారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ మర్యాదగానే తిన్నారు. పులిహోరలో పులుపు తగ్గిందని కూడా మర్యాదగానే చెప్పారు.

మూడో రోజు సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్. అక్కడ ఒక గుట్ట మీద పాత కోట. దాని అంచున నిలబడితే సావా నది వచ్చి డాన్యూబ్‌లో కలవడం కనిపిస్తుంది. ఈ మాట నేను పిల్లలకి ముప్పై ఒక్కసార్లు చెప్పాను. గుట్ట కింద చెట్ల నీడలో కోచ్ ఆగింది. నేను చెప్పులు సరిచేసుకుని లేచాను. మా ఆయన వెనక్కి వచ్చి, “అక్క ఈ గుట్ట ఎక్కలేదు. నువ్వు తోడుండు. ఎలాగూ పెరుగన్నం కలపాలిగా. నేను ఫొటోలు తీసుకొస్తాను,” అన్నారు. నా జవాబు కోసం ఆగలేదు. గంటన్నర తర్వాత వచ్చి కెమెరా నా ముఖం ముందు పెట్టారు. నా చేతులకి పెరుగు. తెర మీద అగ్గిపెట్టెంత బూడిదరంగు నీళ్ళు. “ఇదేనట నీ డాన్యూబ్. మన గోదావరి ముందు ఇదెంత?” అన్నారు. “నీళ్ళే కదమ్మా, ఎక్కడైనా ఒకటే,” అంది వదిన. ఆ నది నాకు రెండు వందల గజాల దూరంలో ఉంది. నేను దాన్ని చూడకుండానే కోచ్ కదిలింది.

మర్నాడు పొద్దున్న అయిదింటికి పోపు వేశాను. ఎండుమిర్చి ఘాటుకి గది పైకప్పులోని అలారం మోగింది. ఆ అంతస్తులో, తర్వాత హోటలంతా. నైటీల్లో, లుంగీల్లో, పసిపిల్లల్ని ఎత్తుకుని జనం రోడ్డు మీదికి వచ్చారు. నేను గరిటె చేత్తోనే దిగాను. హోటల్ మేనేజరు, యాభై ఏళ్ళ ఆవిడ, ఎవరి గది అని అడిగింది. మా ఆయన ముందుకొచ్చి ఇంగ్లీషులో చెప్పారు: “క్షమించండి. నా భార్య. ఆమెకి ఇవేవీ తెలియవు. పెద్దగా చదువుకోలేదు.”

నేను ఎం.ఏ., బి.ఎడ్. ఆయన ఇంటర్ మధ్యలో ఆపి ఉద్యోగంలో చేరిన మనిషి. డిపార్ట్‌మెంట్ పరీక్షలకి ఆయనకి ఇంగ్లీషు నోట్సు రాసిచ్చింది నేను. ఒళ్ళో బిడ్డని వేసుకుని రాసిచ్చాను. ఆ ఇంగ్లీషుతోనే ఇప్పుడు నన్ను చదువుకోలేదన్నారు. పొయ్యి పెట్టమన్నది తనేనని మాత్రం ఏ భాషలోనూ చెప్పలేదు.

ఆ మేనేజరు ఆయన్ని వదిలేసి నా దగ్గరికి వచ్చింది. “మీరు ఈ బృందానికి వంటమనిషా?” అంది.

“కాదు. భూగోళం చెప్పే టీచర్ని,” అన్నాను.

ఆవిడ ముఖంలో చిరాకు పోయింది. “అయితే మా నదిని చూసే ఉంటారు.”

“లేదు,” అన్నాను. ఆవిడ నా చేతిలో గరిటె వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపుతో నాకు కలిగినంత సిగ్గు మా ఆయన మాటతో కలగలేదు.

ఆ రోజంతా బోస్నియా వైపు ప్రయాణం. మధ్య వరసలో కూర్చునే శ్యామలమ్మ లేచి వచ్చి, బియ్యం సంచి కిందికి దించి నా పక్కన కూర్చుంది. నేరేడ్‌మెట్ ఆవిడ. భర్త పోయి అయిదేళ్ళట.

“అక్కా, మొదటి దినం నిన్ను జూసి కంపెనీ వంటామె అనుకున్న. ఏమనుకోకు,” అంది. “పొద్దుగాల నువ్వు ఆ దొరసానితోని చెప్తుంటె విన్న, టీచరమ్మవని. మూడు దినాలు నేను సుత తిన్న. ఎవరు వండుతున్నరు, ఎప్పుడు లేస్తున్నరు అని అడగలే.”

నేను కిటికీ వైపు తిరిగాను. ఏడుపొస్తోంది, రానివ్వకూడదు.

“మా ఆయన ఉన్నప్పుడు నేను సుత గిట్లనే. ఏడికి పోయినా నా యెంట పొయ్యి వచ్చేది. నేను సూసిన ఊర్లన్నీ పొయ్యి కాడికెల్లి సూసినయే.” కొంచెం ఆగి, “నువ్వు ఎన్ని దినాలు వండుతవు?” అంది.

నేను కాళ్ళ దగ్గర దొర్లుతున్న పచ్చడి సీసాని పట్టుకున్నాను.

మర్నాడు బోస్నియా రాజధాని సరయెవోలో నాలుగున్నరకి మెలకువ వచ్చింది. లేవలేదు. ఆరింటికి మా ఆయన, “ఇంకా లేవలేదేంటి? ఒంట్లో బాగాలేదా?” అన్నారు.

“బాగానే ఉంది. ఇవాళ వండను.”

ఆయన నవ్వారు. నేను ఏదో సరదాకి అన్నాననుకున్నారు. ఎనిమిదింటికి కోచ్‌లో పొట్లాలు లేవు. మా ఆయన రోజూ చేసినట్టే మైకులో, ప్రయాణంలో కాపాడమని ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక మైకు ఇంకా చేతిలోనే పట్టుకుని, “మా మిసెస్‌కి ఒంట్లో కొంచెం నలతగా ఉంది. ఇవాళ్టికి బయట సర్దుకుందాం. దేవుడి దయవల్ల రేపటికి లేస్తుంది,” అన్నారు.

వెనక వరస నుంచి ముందుకి నడిచాను. సీట్ల మధ్య దారి ఇరుకు. అందరి ముఖాలూ నావైపే. స్కూల్లో అసెంబ్లీకి వెయ్యిమంది పిల్లల ముందు నిలబడినదాన్ని, ఇక్కడ సీట్ల వీపులు పట్టుకుని నడిచాను. ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. ఆశ్చర్యంతో వదిలేశారు.

“నాకు ఒంట్లో బాగానే ఉంది,” అన్నాను. “మీలాగే నేనూ ఊళ్ళు చూడ్డానికి వచ్చాను. మీకు వండుతానని నేనెవరికీ మాటివ్వలేదు. నన్నడక్కుండా మా ఆయన ఇచ్చారు. అందుకు ఆయనకి ఈ ముందు సీట్లు ఇచ్చారు. మీరు కోట మీద నిలబడి నది చూసినప్పుడు నేను కింద పెరుగన్నం కలుపుతున్నాను. ఇక వండను.”

బ్రహ్మచారి గారు గొంతు సవరించుకున్నారు. “కరపత్రంల ఇంటి భోజనం అని రాసిండ్రు గదమ్మా. మేమేం తినాలె?”

“ఎవరింటి భోజనమని రాశారండీ?” అన్నాను.

ఆయన తల దించుకున్నారు. వెనక నుంచి శ్యామలమ్మ, “హోటల్ల రొట్టె ఉన్నది, గుడ్లున్నయి, పండ్లున్నయి. ఎవ్వరం సావం. బస్సు తోలమను,” అంది. ధర్మరాజు నా పక్కకి వచ్చి, “గల్తీ నాదే మేడం. మిమ్మల్నే అడగాల్సి ఉండె,” అన్నాడు మెల్లిగా. ఆ మధ్యాహ్నం అందరం వీధి చివర కొట్లో వేడివేడిగా పాలకూర పెట్టి చుట్టిన పొరల రొట్టెలు తిన్నాం. బ్రహ్మచారి గారు రెండు తిన్నారు.

మా ఆయన ఆ రోజు ఒకే మాట అన్నారు: “పరువు తీశావు.” తర్వాత మాట్లాడటం మానేశారు. మిగిలిన దేశాలు నేను చూశాను. ఆనందంగా చూశానని అబద్ధం చెప్పను. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో సముద్రం పక్క కోటగోడ మీద శ్యామలమ్మతో రెండు గంటలు నడిచాను. ఇది ఏ సముద్రం, అవతల ఏ దేశం అని చెబుతుంటే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కలిశారు. అయినా ఒక్కొక్క మెట్టూ కోపంతోనే ఎక్కాను. ఆయన మీద, అడక్కుండా తిన్నవాళ్ళ మీద, సేవ పేరుతో నన్ను పరుగెత్తించి మెచ్చుకున్న చర్చి మీద. అన్నిటికంటే ఎక్కువ, అన్నేళ్ళు తలూపిన నా మీద. కిందికి దిగేసరికి మేబెల్ వదిన కోచ్ మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. తమ్ముడు కెమెరా పట్టుకుని వెళ్ళిపోయాడట. చేయి పట్టుకుని నెమ్మదిగా రేవు దాకా నడిపించాను. బల్ల మీద కూర్చుని చాలాసేపు నీళ్ళు చూసింది.

“నేను ముచ్చటపడ్డానని వాడు నన్ను తీసుకొచ్చాడనుకున్నాను,” అంది. “నిన్ను నాకు కాపలా పెట్టి వాడు తిరిగాడు. అది తెలిసీ నేను ఆ సీట్లో కూర్చున్నాను కాంతం.”

పరవాలేదు వదినా అనడం నాకు అలవాటు. ఆ మాట బయటికి రానివ్వలేదు.

టూర్ ముగిసి, మధ్యాహ్నం రెండింటికి మెట్టుగూడ ఇంటికి చేరాం. తలుపులు తీయగానే పన్నెండు రోజుల మూత వాసన. వదిన సోఫాలో వాలింది. మా ఆయన బూట్లు విప్పుతూ, ఎన్నో రోజుల తర్వాత నాతో మాట్లాడారు. “బయట తిండి తిని నోరు చచ్చిపోయింది. పెద్దగా ఏం వద్దులే. కాస్త చారూ అన్నం చాలు.”

నా చేయి దానంతటదే బియ్యం డబ్బా మూత మీదికి వెళ్ళింది. చెప్పులైనా విప్పలేదు నేను. మూత మీద చేయి అలాగే ఉండిపోయింది. కోచ్ నిండా జనం ముందు చెప్పిన మాట నా వంటింట్లో ఇద్దరి ముందు చెప్పడం ఇంత కష్టమని అనుకోలేదు. అక్కడ పరాయివాళ్ళు, పన్నెండు రోజుల పని. ఇక్కడ నా జీవితం.

“మీరు వండండి. నేను పడుకుంటున్నాను,” అన్నాను.

“బస్సులో చేసింది చాలదా? ఇంట్లో కూడానా?”

“ఇంట్లో కూడా.”

గదిలోకి వెళ్ళి పడుకున్నాను. తలుపు వేసుకోలేదు. వంటింట్లో డబ్బాలు తీస్తూ మూస్తూ ఉన్న చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు, కొంచెం ఏడుపు మొహంతో అడిగినట్టు: “అక్కా, బియ్యం ఒక గ్లాసు పోస్తే సరిపోతుందా?”

ఇక వదిన లేస్తుంది, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వంటింట్లోకి నడుస్తుంది, నేను కూడా లేవవలసి వస్తుంది అనుకున్నాను. సోఫా కదిలిన చప్పుడు కాలేదు.

“సరిపోదు శేఖరం,” అంది వదిన కూర్చున్నచోటు నుంచే. “కాంతం కూడా తింటుంది.”